యాప్ ‘నిషేధం’ అనవచ్చునా?

ప్రశ్న: ప్లే స్టోర్‌లోనో యాప్ స్టోర్‌లోనో ఒక యాప్ కనిపించకుండా పోయిన ప్రతిసారీ ‘యాప్‌పై నిషేధం’ అనే శీర్షిక చూస్తున్నాను. యాప్ తయారుచేసినవారి ఖాతాను మూసివేసినా అదే మాట. ఇన్నింటికీ ఆ ఒక్క మాటే సరిపోతుందా?

సమాధానం: సరిపోదండీ. నిషేధం విధికి జంటపదం. విధినిషేధాలని కలిపే అంటాం. ఇది చేయమని శాసించగలవారే ఇది చేయరాదనీ శాసించగలరు. అందుకే మద్యనిషేధం ప్రభుత్వం విధిస్తుంది గాని దుకాణదారు విధించడు. అతను సీసాలు అమ్మడం మానుకుంటాడు, అంతే. 2020 జూన్ 29న కేంద్ర ప్రభుత్వం ఐటీ చట్టంలోని 69ఎ సెక్షన్ కింద టిక్‌టాక్ సహా 59 యాప్‌లను ఆపించినప్పుడు ‘నిషేధం’ అనడం నూటికి నూరుపాళ్లూ ఒప్పు. అదే ఏడాది సెప్టెంబరు 18న గూగుల్ పేటీఎంను ప్లే స్టోర్ నుంచి తీసివేసి కొన్ని గంటల్లోనే మళ్లీ పెట్టిన సంగతికీ ఆ మాటే వాడితే, ఒక కంపెనీ నియమానికి చట్టం హోదా కట్టబెట్టినట్టవుతుంది. ఆ పూట ఫోన్లలో అప్పటికే ఉన్న పేటీఎం పనిచేస్తూనే ఉంది; కొత్తగా దించుకోబోయినవారికే దొరకలేదు. అక్కడ ‘తొలగింపు’ చాలు.

అయితే తొలగు అకర్మకం, తొలగించు సకర్మకం. ‘యాప్ తొలగిపోయింది’, ‘మాయమైంది’ అని రాసినప్పుడు కర్త మెల్లగా జారుకుంటాడు. 2024 మార్చి 1న నౌకరీ, 99ఏకర్స్, భారత్ మ్యాట్రిమోనీ వంటి యాప్‌లు వాటంతటవే మాయం కాలేదు. యాప్ లోపలి చెల్లింపులపై 11 నుంచి 26 శాతం దాకా రుసుము కట్టాలన్న వివాదంలో గూగుల్ వాటిని తొలగించింది; కేంద్ర మంత్రి అశ్వినీ వైష్ణవ్ అభ్యంతరం చెప్పాక కొద్ది రోజుల్లో తిరిగి చేర్చింది. ‘తొలగించింది’ అని రాస్తే చాలు, ఎవరన్నది వాక్యమే అడుగుతుంది.

ఇక తయారీదారు సంగతి వేరు. 2020 ఆగస్టు 13న ఆటల కంపెనీ ఎపిక్ గేమ్స్ తన ఫోర్ట్‌నైట్‌ ఆటలో సొంత చెల్లింపు మార్గం తెరవగానే ఆపిల్, గూగుల్ రెండూ అదే రోజు ఆ ఆటను తొలగించాయి. ఆగస్టు 28న ఆపిల్ ఎపిక్ ఖాతానే మూసివేసింది. ఈ మధ్యలో అమెరికా న్యాయస్థానం ఆటను తిరిగి పెట్టించడానికి ఒప్పుకోలేదు గాని, ఆటలు తయారుచేయడానికి ఇతర తయారీదారులు ఆధారపడిన ఎపిక్ సాఫ్ట్‌వేర్ అన్‌రియల్ ఇంజిన్ జోలికి పోవద్దని ఆపిల్‌ను ఆపింది. వస్తువు వేరు, మనిషి వేరు అన్నమాట.

ఈ రెండోదానికి, అంటే ఖాతా మూసివేతకు, నేను ‘వెలి’ని సూచిస్తాను. వెలి అంటే బయట. వెలుపల, వెలివాడ అందులోంచి వచ్చినవే. వెలిపడినవాడి ఇల్లు ఊళ్లోనే ఉండేది, కాని నిప్పు, నీళ్లు పుట్టేవి కావు. బట్టలుతకడానికీ క్షవరానికీ ఎవరూ వచ్చేవారు కారు. అతనికి నిప్పిచ్చినవాడికీ తప్పు వేసేవారు. గూగుల్ ప్లే కూడా ఒక ఖాతాను మూసినప్పుడు దానికి సంబంధించినవని తాను భావించిన ఖాతాలనూ మూయగలదు. నిప్పిచ్చినవాడు నాకు గుర్తుకొచ్చింది ఇక్కడే.

మరొక సభ్యుని అభ్యంతరం: పోలిక బాగుందండీ, కాని ఒప్పుకోలేను. వెలివాడ ఈనాటికీ కొందరి చిరునామా. కోట్లకు పడగలెత్తిన ఆటల కంపెనీకీ మరో కంపెనీకీ నడుమ తగవుకు ఆ మాట అరువిస్తే, దాన్ని అనుభవించినవారి బాధ తేలికైపోదా?

సమాధానం: మీ మాట కాదనలేను. నిప్పు, నీళ్ల దగ్గరే నేను ఆగవలసింది. ‘ఆపిల్ ఎపిక్ ఖాతాను రద్దు చేసింది’ అనే రాద్దాం. రద్దు ఒప్పందాల మాట. ఆపిల్ చెప్పుకున్న కారణమూ ఒప్పంద ఉల్లంఘనే. పైగా కర్త ఎదుటే నిలబడి ఉన్నాడు. ఏ తప్పూ చేయని పక్క ఖాతా కూడా దానితోపాటు మూతపడడాన్ని మాత్రం రద్దు అనే మాట పట్టుకోలేకపోతోంది. దానికి మాట తోచినవారు ఇక్కడే రాయగలరు.