ఆఫీసు పీసీకి 3389 పోర్టు తెరిచాం, లాగ్ నిండా 4625లే

ప్రశ్న (లెడ్జర్)
టాలీ ఉన్న ఆఫీసు పీసీ, విండోస్ 11 ప్రో. ఇంటి నుంచి వాడుకోడానికి రౌటర్‌లో 3389 ఫార్వర్డ్ చేసి రిమోట్ డెస్క్‌టాప్ పెట్టాం. ఈవెంట్ వ్యూయర్ సెక్యూరిటీ లాగ్‌లో 4625 (విఫలమైన లాగిన్) ఎంట్రీలు ఆగకుండా పడుతున్నాయి. యూజర్ పేర్లు అడ్మినిస్ట్రేటర్, టెస్ట్, స్కానర్. హ్యాకర్ ఎవరైనా మా వెంట పడ్డాడా? పోర్టు 3390 చేస్తే సరిపోతుందా?

రాత్రిడ్యూటీ
మీ వెంటే పడలేదండి. ఐపీ అడ్రసులన్నిటినీ వరసపెట్టి తట్టి, మామూలు పేర్లూ పాస్‌వర్డులూ వేసి చూసే ప్రోగ్రాములవి. 3390కి మారిస్తే లాగ్ పలచబడుతుందంతే, మిగతా పోర్టులూ వెతికేవాళ్లున్నారు. ఆ ఫార్వర్డింగ్ ఇప్పుడే తీసేయండి.

పాస్‌వర్డ్ గట్టిదే కదా అనుకోవద్దు. 2019 మేలో బయటపడ్డ బ్లూకీప్ అనే రిమోట్ డెస్క్‌టాప్ లోపంతో చొరబడ్డానికి పాస్‌వర్డే అక్కర్లేదు. మైక్రోసాఫ్ట్ ఎక్స్‌పీకి కూడా ప్యాచ్ ఇవ్వాల్సి వచ్చింది. అది విండోస్ 10కి తగల్లేదు గానీ, ఆగస్టులో వచ్చిన అలాంటివే తగిలాయి.

తర్వాత లాగ్‌లో 4624 వడకట్టి, లాగాన్ టైప్ 10 ఉన్నవి చూడండి. అవి రిమోట్ డెస్క్‌టాప్‌తో లోపలికి వచ్చిన లాగిన్‌లు. మీవి కాని వేళల్లో ఒక్కటున్నా నెట్ కేబుల్ పీకేయండి.

తీగలవాడు
బయటివాళ్లు తట్టగలుగుతున్నారంటే మీకు పబ్లిక్ ఐపీ ఉన్నట్టే. కాబట్టి రౌటర్‌లో వైర్‌గార్డ్ (ఇంటికీ ఆఫీసుకీ మధ్య గుప్తమైన దారి, అంటే టన్నెల్ వేసే వీపీఎన్) ఉంటే అదే పెట్టండి, యూడీపీ 51820. సరైన కీ లేని ప్యాకెట్‌కి అది జవాబే ఇవ్వదు, స్కాన్ చేసేవాడికి అక్కడేమీ కనపడదు. రిమోట్ డెస్క్‌టాప్ ఆ టన్నెల్ లోపలే నడుస్తుంది.

ఎక్కువమంది తడబడేది ఇక్కడ: ఇంట్లోనూ ఆఫీసులోనూ 192.168.1 ఐపీ వరసే ఉంటుంది. టన్నెల్ కలిసినట్టే చూపిస్తుంది, పీసీ మాత్రం దొరకదు, ఎందుకంటే ల్యాప్‌టాప్ ఆ అడ్రసు కోసం ఇంట్లోనే వెతుకుతుంది. ఆఫీసుది 192.168.57కి మార్చి, ల్యాప్‌టాప్ వైర్‌గార్డ్ సెట్టింగుల్లో అలౌడ్ ఐపీస్ దగ్గర 192.168.57.0/24 ఇవ్వండి.

టాలీ డేటా బ్యాకప్ తీసిన డిస్క్‌ని పీసీకి తగిలించి వదిలేయకండి. ర్యాన్సమ్‌వేర్ వస్తే దాన్నీ తినేస్తుంది.

పాతకీబోర్డు
ఒక్క మాట. ఊరికే పాస్‌వర్డులు వేసి చూసే ప్రోగ్రాముకి హ్యాకర్ అన్న పేరు ఇవ్వకండి. ఎంఐటీలో రైలు బొమ్మల క్లబ్బు కుర్రాళ్లు తెలివైన పనితనాన్ని 'హ్యాక్' అనేవాళ్లు. 1993 జనవరి నాటి ఇంటర్నెట్ పదకోశం ఆర్‌ఎఫ్‌సీ 1392 కూడా సిస్టమ్ లోగుట్టు తెలుసుకోవడంలో ఆనందించేవాణ్ణి హ్యాకర్ అంది, అనుమతి లేకుండా చొరబడేవాణ్ణి క్రాకర్ అంది. మీ పోర్టు మూయించిన పై ఇద్దరికీ ఆ మొదటి పేరు తగును.

లెడ్జర్
ఫార్వర్డింగ్ తీసేశాం. టైప్ 10లో ఉన్నవన్నీ మావే. రెండు చోట్లా 192.168.1 అన్నది నిజమే.

తీగలవాడు
మార్చేముందు ప్రింటర్ చూడండి. దానికి పాత ఐపీ చేత్తో ఇచ్చి ఉంటే ప్రింట్ ఆగిపోతుంది. టాలీ లైసెన్స్ ఇంకో మెషీన్‌లో ఉంటే అక్కడి అడ్రసూ మార్చాలి.