ఇంటర్‌సెక్స్‌ని తెలుగులో "ద్విలింగ" అనొచ్చా?

పెద్దలకు నమస్కారం. పుట్టుకతోనే ఒళ్ళు పూర్తిగా ఆడ అనో, పూర్తిగా మగ అనో చెప్పలేని తీరులో ఉండేవారి గురించి ఒక కరపత్రం తెలుగు చేస్తున్నాను. ఇంటర్‌సెక్స్ అన్నచోటల్లా "ద్విలింగ వ్యక్తులు" అని రాశాను. డాక్టరమ్మ గారు కొట్టేశారు. "నపుంసకులు" రాయడానికి నాకే చెయ్యి రాలేదు, అదెప్పుడో తిట్టయిపోయింది. ఏం రాయమంటారు?

---

ఆవిడ కొట్టేయడం సబబే. ద్విలింగ అనేది మేం బడిలో మందారపువ్వుకు చెప్పే మాట. ఒకే పువ్వులో కేసరాలూ, అండకోశమూ రెండూ ఉంటాయి. మనుషుల సంగతి వేరు. కొందరికి క్రోమోజోములు మామూలుగా మగవాళ్ళకుండే ఎక్స్‌వై, లోపల వృషణాలు ఉంటాయి. కానీ మగ లక్షణాలు తెచ్చే ఆండ్రోజెన్ హార్మోన్ చెప్పే మాట శరీరం వినదు, అందుకని పైకి ఆడపిల్లే. ఈడొచ్చినా నెలసరి రాలేదని పరీక్షలకు తీసుకెళ్తే అప్పుడు బయటపడుతుంది. ఇందులో "ద్వి" ఎక్కడుంది?

---

హిందీవాళ్ళలాగా "అంతర్‌లింగ" అంటేనో? అంతర్జాతీయం ఉంది కదా.

---

అంతర్జాతీయంలో అంతర్ అంటే మధ్య, అంతర్గతంలో లోపల. పక్కన లింగం చేరితే మనవాళ్ళు ఆత్మలింగం లాంటిదేదో అనుకుని దండం పెడతారు!

అసలు చిక్కంతా "లింగం" దగ్గరే. వ్యాకరణానికీ, ఒంటికీ ఒకటే మాట వాడుతున్నాం. ఈ తంటా సంస్కృత వ్యాకరణవేత్త పతంజలికే వచ్చింది. మహాభాష్యంలో "స్తనకేశవతీ స్త్రీ స్యాత్, లోమశః పురుషః స్మృతః" (రొమ్ములూ, జుట్టూ ఉన్నది స్త్రీ, ఒంటినిండా వెంట్రుకలున్నవాడు పురుషుడు) అని ఒక లక్షణం చెప్పి, రెంటికీ నడుమ ఉన్నది నపుంసకం అంటాడు. వెంటనే తనే అడ్డుపడతాడు: ఆడవేషం కట్టిన నటుణ్ణి ఏమనాలి? ఖట్వా అంటే మంచం, ఆ మాట స్త్రీలింగమే, మరి మంచానికి స్తనాలెక్కడివి? పెళ్ళాన్నే చూడండి. సంస్కృతంలో భార్యా స్త్రీలింగం, దారాః పుంలింగం, కలత్రం నపుంసకం.

తెలుగు గీత గీసిన చోటు ఇంకోటి. "ఆమె వచ్చింది, ఆవు వచ్చింది" అని ఒకే క్రియ. బహువచనంలోకి వెళ్ళేసరికి ఆడామగా అంతా కలిసి "వచ్చారు", ఆవులు మాత్రం "వచ్చాయి". గీత ఉందనడంలో అబద్ధం లేదు, అది ఎక్కడ ఉండాలో మాత్రం మనమే తేల్చుకున్నాం.

---

మాస్టారూ, ఒంటి విషయంలోనూ అంతేగా? ఫారంలో రెండే గడులున్నాయని పసివాళ్ళకు ఆపరేషన్లు చేసి ఏదో ఒక గడిలో కూర్చోబెట్టేవారు. ప్రాణాపాయం ఉంటే తప్ప అలా చేయకూడదని 2019లో మద్రాసు హైకోర్టు తీర్పుతో తమిళనాడు జీవో ఇచ్చింది. అన్నట్టు, ఇంటర్‌సెక్స్, ట్రాన్స్‌జెండర్ ఒకటి కావు. మొదటిది ఒంటి తీరు, రెండోది తానెవరన్న ఎరుక. ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల హక్కుల రక్షణకు 2019లో చేసిన కేంద్ర చట్టం మాత్రం రెంటినీ ఒకే నిర్వచనంలో పెట్టింది.

---

అందరికీ ధన్యవాదాలు. "ఇంటర్‌సెక్స్" అనే ఉంచి, మొదటిసారి వచ్చినచోట ఒక వాక్యంలో వివరిస్తాను. పెద్దవాళ్ళకు "వారు" సరిపోయింది. పుట్టిన పిల్లలకు పాప, బాబు రెండూ మానేసి "బిడ్డ" అని రాశాను.

---

అన్నా, మా కరీంనగర్ దిక్కు బిడ్డ అంటే కూతురే!

---

అయ్యో! అయితే "పసికందు" అని మారుస్తున్నాను.