ఫైరింజన్ వచ్చాక కూడా వెంటనే నీళ్లు ఎందుకు వదల్లేదు?

వన్‌టౌన్ కుర్రాడు:
మాది వైజాగ్ వన్‌టౌన్, కురుపాం మార్కెట్ వెనక సందుల్లో ఇల్లు. మొన్న మా సందులో ప్లాస్టిక్ సామాన్ల గోడౌన్ అంటుకుంది. ఫైరింజన్ సందులోకి పట్టక రోడ్డు మీదే ఆగింది. సిబ్బంది పైపులు పరుచుకుంటూ లోపలికి వచ్చారు. ముందు ఒకాయన గొట్టం మూతి పట్టుకుని, వెనక ఇంకొకాయన ఆనుకుని నిలబడ్డారు. అయినా నీళ్లు రాలేదు. జనం "వదలండి, వదలండి" అని ఒకటే కేకలు. మావాళ్లు ఇద్దరు పైపు పట్టబోతే కసిరి వెనక్కి నెట్టారు. బండి దగ్గర ఒకాయనైతే చివరిదాకా అక్కడి నుంచి కదల్లేదు. ఆయన కూడా వచ్చి ఒక చెయ్యి వేయొచ్చు కదా? అసలు ఒక్క పైపుకి ఇద్దరెందుకు? తెలిసినవాళ్లు చెప్పండి.

రిటైర్డ్ ఎల్‌ఎఫ్:
బాబూ, నేను ఫైర్‌మ్యాన్‌గా చేరి లీడింగ్ ఫైర్‌మ్యాన్‌గా రిటైరయ్యాను. ముందు ఆ కదలని మనిషి సంగతి చెబుతాను. జనానికి ఎప్పుడూ అతనొక్కడే ఖాళీగా కనిపిస్తాడు. అతను డ్రైవర్ ఆపరేటర్, పంపు అతని చేతిలో ఉంటుంది. మామూలు వాటర్ టెండర్లో, అంటే నీళ్ల ట్యాంకున్న ఫైరింజన్లో, 4,500 లీటర్లు పడతాయి. 20 మిల్లీమీటర్ల నాజిల్‌ని 7 బార్ ఒత్తిడి మీద నడిపితే నిమిషానికి సుమారు 700 లీటర్లు పోతాయి. అంటే ఆరున్నర నిమిషాలు కూడా రావు. ఆలోగా రెండో బండి నుంచి పైపు కలపాలి, లేదా దగ్గర్లో నీళ్లు వెతకాలి. గేజీ చూస్తూ, ట్యాంకులో మట్టం చూస్తూ ఆ లెక్క వేసేది అతనే. అతను మీకు సాయానికి వచ్చిన క్షణంలో ఒత్తిడి పడిపోతే, లోపల పొగలో ఉన్న ఇద్దరి చేతుల్లో ఉత్త గుడ్డ గొట్టం మిగులుతుంది.

నీళ్లు ఆపడం కూడా కావాలనే. మా డెలివరీ హోస్ 63 మిల్లీమీటర్లది, ఒక్కో లెంగ్త్ 15 మీటర్లు లేదా 30. ఖాళీగా ఉన్నప్పుడు చుట్ట భుజాన వేసుకుని పరుగెత్తొచ్చు. నిండాక 30 మీటర్లలో నీళ్ల బరువే తొంభై కిలోలు దాటుతుంది. దాన్ని మీ సందు మలుపులో లాగడం ఎవరి వల్లా కాదు. అందుకే ముందు మొత్తం పరిచి, మెలికలు తీసి, పైపుల్ని కలిపే బిగింపుల్లో (కప్లింగ్) మగది పంపు వైపు, ఆడది మంట వైపు వచ్చాయో లేదో చూసి, ప్రతి జాయింటూ వెనక్కి లాగి పరీక్షిస్తాం. సరిగ్గా పడని కప్లింగ్ ఒత్తిడికి ఊడి తగిలితే కాలి ఎముక విరుగుతుంది. బ్రాంచ్, అంటే గొట్టం మూతి, పట్టినవాడు కాళ్లు ఊనుకున్నాకే బండికి సైగ వెళ్తుంది. మీ సందులోంచి బండి కనిపించదు కాబట్టి మలుపు దగ్గర ఒక మనిషి నిలబడి సైగ అందించి ఉంటాడు. అతన్ని మీరు గమనించి ఉండరు.

ఇద్దరెందుకంటే, నేను పైన చెప్పిన నాజిల్ అదే ఒత్తిడి మీద దాదాపు 45 కిలోల బలంతో వెనక్కి తన్నుతుంది. ఆ తన్నుడుని వెనకవాడు తన ఒంటి మీదికి తీసుకుంటాడు. అప్పుడే ముందువాడు నీళ్లు ఎక్కడ పడాలో చూడగలడు. కొత్త చేతులు పట్టుకుని, బెదిరి వదిలేస్తే బ్రాంచ్ తోక తొక్కిన పాములా కొట్టుకుంటుంది. మీవాళ్లని కసిరింది అందుకే. వాళ్లు మనసులో పెట్టుకోవద్దని చెప్పండి.

డ్యూటీ ఎక్కినప్పుడు హాజరులోనే ఎవరి పని ఏదో తేలిపోతుంది. డ్రిల్లులో మనిషికో నంబరు. ఒకరు సెలవు పెడితే ఆ నంబరు ఇంకొకరికి వెళ్తుంది, పని మాత్రం మారదు. ఇంకోటి, ఇన్‌చార్జి పైపు పట్టకూడదు. ఇది నేను చాలా గట్టిగా నమ్ముతాను. కుర్రాళ్లు తక్కువగా ఉన్నప్పుడు చెయ్యి లాగుతుంది, అయినా పట్టకూడదు. కరెంటు తీశారా, వెనక గుమ్మం ఉందా, పైన మనుషులున్నారా, గోడ బీటలు వారుతోందా అని చూడాల్సింది ఆయనే. ఆయన పైపు పడితే ఇవన్నీ చూసేవాడు ఉండడు.

జాలారిపేట:
గురువు గారూ, 2023 నవంబర్ 19 రాత్రి ఫిషింగ్ హార్బర్లో బోట్లు కాలిపోయాయి కదా. మా బంధువుల బోటు కూడా పోయింది. చుట్టూ సముద్రమే, నీళ్లకి లోటేముంది? ఇప్పటికీ మాకు అర్థం కాదు.

రిటైర్డ్ ఎల్‌ఎఫ్:
చాలా బాధాకరం తమ్ముడూ. ఆ రాత్రి నేను డ్యూటీలో లేను, కాబట్టి బోట్ల మంట ఎలాంటిదో మాత్రమే చెబుతాను. బోటులో డీజిల్ ఉంటుంది, వంటకి గ్యాస్ సిలిండర్ ఉంటుంది. డీజిల్ నీళ్ల మీద తేలుతుంది. దాని మీద జోరుగా జెట్ కొడితే మంట పక్క బోటుకి పోతుంది. అక్కడ మంటని కప్పేసే నురగ, అంటే ఫోమ్ కావాలి, సిలిండర్లని దూరం నుంచి నీళ్లతో చల్లబరచాలి. బోట్లు పక్కపక్కనే కట్టి ఉంటాయి, తాడు కాలితే మండే బోటు కొట్టుకుపోయి ఇంకోదానికి తగులుతుంది. సముద్రపు నీళ్లు పంపుతో తోడొచ్చు, కానీ నీటి మట్టం పంపుకి ఏడు మీటర్ల కన్నా లోతులో ఉంటే తోడటం కష్టం. నీళ్లు పీల్చే పైపు చివరి జల్లెడకి (సక్షన్ స్ట్రెయినర్) వల ముక్కలు, చెత్త అడ్డుపడతాయి. పని అయ్యాక మంచినీళ్లతో పంపు కడక్కపోతే ఉప్పు తినేస్తుంది.

ఎంవీపీ కాలనీ:
మా అపార్ట్‌మెంట్లో ప్రతి ఫ్లోర్లో ఎర్ర డబ్బాలో పైపు ఉంది. మేం వాడొచ్చా సార్?

రిటైర్డ్ ఎల్‌ఎఫ్:
ముందు 101కి ఫోన్ చేయండి. గోడకి చక్రం మీద చుట్టి ఉండే సన్నటి రబ్బరు పైపు మీ కోసమే. మంట చిన్నగా ఉండి, మీ వెనక బయటికి దారి ఉంటే, కరెంటు తీసేసి ఒక్కరే వాడొచ్చు. డబ్బాలో ఉండే లావు గుడ్డ హోస్ మాత్రం నేర్చుకోకుండా ముట్టుకోవద్దు. మా స్టేషన్ వాళ్లని అడిగితే అపార్ట్‌మెంట్‌కి వచ్చి చూపిస్తారు, మొహమాటపడకుండా అడగండి.

వన్‌టౌన్ కుర్రాడు:
చాలా థాంక్స్ సార్. పైపు పట్టబోయిన మావాళ్లిద్దరికీ మీ జవాబు చదివి వినిపించాను. ఈసారి ఇలాంటిది జరిగితే మేం చేయగలిగింది ఏమీ లేదా?

రిటైర్డ్ ఎల్‌ఎఫ్:
చాలా ఉంది బాబూ. బండి వచ్చేలోగా సందు మొదట్లో బైకులు, తోపుడు బళ్లు తీయించండి. నిండిన హోస్ మీద నుంచి ఎవరూ బండి ఎక్కించకుండా ఇద్దరు కుర్రాళ్లని నిలబెట్టండి. లోపల ఎవరున్నారో, సిలిండర్లు, కరెంటు మెయిన్ ఎక్కడున్నాయో తెలిసిన ఒక్క మనిషిని నేరుగా ఇన్‌చార్జి దగ్గరికి పంపండి. పదిమంది ఒకేసారి చెబితే ఆయనకి ఏదీ వినపడదు.