మొదటి డ్రైసూటే కొలతలిచ్చి కుట్టించుకోవాలా, రెడీమేడ్ చాలదా?

అల్కీ కొత్తోడు:
అందరికీ నమస్కారం. నేను సియాటిల్‌లో ఉంటాను. ఇప్పటికి 24 స్కూబా డైవ్‌లు చేశాను. అన్నీ ఇక్కడి అల్కీ తీరంలో కోవ్ 2 అనే చోటే, అన్నీ అద్దె డ్రైసూట్‌తోనే (చన్నీళ్లలో ఒళ్లు తడవకుండా వేసుకునే సూట్). ఇక సొంతది కొనాలి. ట్రైలామినేటే (మూడు పొరల గుడ్డతో చేసేది) తీసుకోవాలని నిర్ణయించుకున్నాను. తేలనిది ఒక్కటే, రెడీమేడ్ కొనాలా, కొలతలిచ్చి కుట్టించుకోవాలా?

ఎత్తు 5 అడుగుల 5 అంగుళాలు, చెప్పు సైజు 7, పొట్ట ఉంది (దాచేదేముంది). అద్దె షాపులో మీడియం ఇస్తే జిప్ పొట్ట దగ్గర మొరాయిస్తుంది. లార్జ్ ఇస్తే పొట్ట పడుతుంది కానీ కాళ్ల దగ్గర హార్మోనియం మడతలు. షాపులో రెడీమేడ్ 2,200 డాలర్లు అన్నారు. కుట్టిస్తే 3,600, పైగా పది వారాలు ఆగాలట. ఆ 1,400 తేడాకి ఇంట్లో ఏం సమాధానం చెప్పాలో కూడా సలహా ఇవ్వగలరు.

పాత సిలిండర్:
తమ్ముడూ, ఆ 1,400 జేబులో పెట్టుకో. 24 డైవ్‌లకి నీకేం కావాలో నీకే తెలియదు. జిప్ ముందుండాలా వెనకుండాలా? బూట్లు సూట్‌కే అతికి ఉండాలా, సాక్సులు ఉండి పైన రాక్ బూట్లు (విడిగా తొడిగే గట్టి బూట్లు) వేసుకోవాలా? తొడ మీద జేబు ఎక్కడుంటే చెయ్యి అందుతుంది? ఇవన్నీ యాభై అరవై డైవ్‌ల తర్వాత తెలుస్తాయి. కుట్టించాక తెలిస్తే చేసేదేం లేదు.

ఇంకోటి, నీ పొట్టకి కుట్టిన సూట్ రేపు అమ్ముదామంటే అదే పొట్ట ఉన్నవాడు దొరకాలి. నేను 2019లో 78 కిలోలు, ఇప్పుడు 91. అప్పుడు కుట్టించుకుని ఉంటే ఇవాళ అది గ్యారేజీలో వేలాడుతూ ఉండేది.

ట్రైలామినేట్ అంటే ఏమిటి? రెండు బట్టల మధ్య పల్చటి బ్యూటైల్ రబ్బరు పొర. గట్టి రెయిన్‌కోటు, అంతే. దానికి వేడి లేదు. వేడంతా లోపల వేసుకునే థర్మల్‌ది, అందులో నిలిచే గాలిది. నీళ్లు ఒంటి వేడిని గాలికన్నా పాతిక రెట్లు వేగంగా లాగేస్తాయి. మిగిలిన డబ్బు మంచి థర్మల్‌కీ, డ్రై గ్లోవ్స్‌కీ పెట్టు. చేతి వేళ్లు బిగుసుకుపోతే కుట్టించిన సూట్ ఏం చేస్తుంది?

విశాఖవాసి:
రుషికొండలో మేం టీషర్ట్‌తో దిగిపోతాం సార్. మీ కష్టాలు చూస్తుంటే జాలేస్తోంది.

అల్కీ కొత్తోడు:
@విశాఖవాసి ఇక్కడ ఆగస్టులో కూడా అడుగున 11, 12 డిగ్రీలే అన్నా. ఫిబ్రవరిలో 8. మీ టీషర్ట్ మీ దగ్గరే ఉంచండి.

ఆక్టోపస్ అక్క:
పాత సిలిండర్ గారితో ఒప్పుకోను. ఆయన 5 అడుగుల 11 అంగుళాల మనిషి. రెడీమేడ్ సైజులు వేసేది ఆయన లాంటి వాళ్లని చూసే. మనలాంటి పొట్టివాళ్లకి ఆ చార్టులో చోటే లేదు.

నా సంగతి చెప్తాను. మొదట సేల్‌లో మగవాళ్ల స్మాల్ కొన్నాను. నా పాదం సైజు 5, దాని బూట్లు 8. రెండు జతల ఉన్ని సాక్సులు వేసి సర్దుకున్నాను. ఏడో డైవ్‌లో ఆరు మీటర్ల లోతులో తల కిందికి పెట్టి బండ కింద ఆక్టోపస్ కోసం వెతుకుతున్నాను. సూట్‌లోని గాలి మెల్లగా కాళ్లలోకి పాకింది. ముందు మోకాళ్లు తేలిక అయినట్టు అనిపించింది. అర నిమిషంలో బూట్లు బంతుల్లా ఉబ్బాయి, నా పాదాలు వాటిలోంచి పైకి జారి పిక్కల గొట్టంలోకి వచ్చేశాయి. బూటు ఖాళీ అయ్యేసరికి ఎడమ ఫిన్ (కాలికి తొడిగే ఈత రెక్క) ఊడి పోయింది. గాలి వదిలే వాల్వ్ ఎక్కడుంటుంది? ఎడమ జబ్బ మీద. అది అప్పుడు నా శరీరంలో అన్నిటికన్నా కింద ఉంది. గాలంతా పైన కాళ్ల దగ్గర ఉంది, అక్కడ బయటికి దారి లేదు, కిందున్న వాల్వ్ దాకా అది దిగదు. కాళ్లు ముందు, తల వెనక, అలా పైకి తేలిపోయాను. ఆరు మీటర్లే కాబట్టి ఇవాళ రాస్తున్నాను. మోకాళ్లు ముడిచి పల్టీ కొట్టాలని క్లాసులో నేర్పారు. కాలే నా మాట విననప్పుడు పల్టీ ఎక్కడ?

ఆ తర్వాత కుట్టించుకున్నాను. నాలుగేళ్లు, 160 డైవ్‌లు, కాళ్లలోకి గాలి వస్తే వెంటనే తెలుస్తుంది, వెంటనే తిరిగిపోతాను. అడుసు తొక్కనేల, కాలు కడగనేల.

పాత సిలిండర్:
చెల్లెమ్మా, నీకు జరిగింది భయంకరమే. కానీ అది రెడీమేడ్ తప్పు కాదు, 5 పాదానికి 8 బూటు కొన్న తప్పు. రెడీమేడ్‌లోనే బూటు సైజు మార్చి, కాలు రెండు అంగుళాలు తగ్గించి ఇచ్చే తయారీదారులున్నారు. రెండు మూడు వందలు ఎక్కువవుతుంది. మడమ దగ్గర బిగించే పట్టీలు వేరే ఉన్నాయి. దానికి 1,400 ఎందుకు?

ఉత్తర సముద్రం:
నేను స్కాట్లాండ్ నుంచి. అసలు ట్రైలామినేట్ అని ముందే ఎందుకు తీర్మానించేసుకున్నారు? నియోప్రీన్ (బుడగలున్న నురుగు రబ్బరు) డ్రైసూట్ సాగుతుంది. సాగే గుడ్డకి కొలత పట్టింపు తక్కువ, పొట్ట ఉన్నా లేకపోయినా సర్దుకుంటుంది. ట్రైలామినేట్ అస్సలు సాగదు కాబట్టే ఈ దర్జీ గొడవంతా.

అయితే దానికీ ఒక తంటా ఉంది. స్కాపా ఫ్లోలో 1919లో జర్మన్లు తమ చేతులతోనే ముంచుకున్న యుద్ధనౌకలు ఉన్నాయి, కొన్ని నలభై మీటర్ల దాకా లోతులో. నేను మామూలు నియోప్రీన్‌తో వెళ్లాను. నలభై మీటర్ల దగ్గర ఒత్తిడి 5 బార్లు, అంటే ఒడ్డు మీదకి ఐదు రెట్లు. పైన పరుపులా ఉన్న సూట్ కింద చపాతీ అయిపోయింది. చలి వేరే సంగతి, పైకొచ్చేటప్పుడు అది మళ్లీ ఉబ్బుతుంటే తేలుడు పట్టుకోలేక టెన్షన్. ముందే అణిచేసిన క్రష్డ్ నియోప్రీన్‌లో ఈ బాధ చాలా తక్కువ, కానీ ధర కూడా అలాగే ఉంటుంది. కోవ్ 2లో పది, పదిహేను మీటర్లే తిరిగేవాడికి మామూలు నియోప్రీన్ ఆలోచించదగ్గదే. ఆరడానికి రెండు రోజులు పడుతుంది, బాల్కనీ చూసుకోండి.

జిప్పుల డాక్టర్:
శని, ఆదివారాలు డైవ్ షాపులో సూట్‌ల రిపేరు చేస్తాను. రెండు పక్షాలకూ నా వాటా అక్షింతలు.

నా బల్ల మీదికి తడిసిపోయామంటూ వచ్చే సూట్‌లలో కుట్టించినవీ ఉంటాయి, రెడీమేడ్‌లూ ఉంటాయి. గాలి నింపి సబ్బునీళ్లు రాస్తాను. బుడగలు వచ్చేది గుడ్డలోంచి అరుదు. వచ్చేది మెడ సీలు, మణికట్టు సీళ్లు (నీళ్లు చొరకుండా ఒంటికి బిగుతుగా పట్టే రబ్బరు అంచులు), జిప్ దగ్గర. 3,600 సూట్‌కైనా ఆ మెడ రబ్బరే, ఆ జిప్పే.

మనవాళ్ల సూట్‌లలో మెడ లేటెక్స్ ఏడాదికే జిగురు జిగురుగా అయిపోయి వస్తుంది. వాసన చూస్తే కొబ్బరి నూనె! ఆదివారం పొద్దున్నే తలకి పట్టించి, మధ్యాహ్నం డైవ్‌కి వెళ్తారు. నూనె లేటెక్స్‌ని తినేస్తుంది. సెంటు పౌడర్ కూడా రాయకండి, వాసన లేని టాల్క్ చాలు. మెడలో గొలుసు తీసేయండి. జుట్టు ఒక్క వెంట్రుక సీలు కింద ఇరుక్కున్నా అది వత్తిలా పనిచేస్తుంది, డైవ్ అయ్యేసరికి ఛాతీ దాకా తడి. సిలికాన్ సీళ్లు మెత్తగా ఉంటాయి, రింగుతో వస్తాయి కాబట్టి ఒడ్డు మీదే మార్చుకోవచ్చు. కానీ గోరు తగిలితే చిరిగిపోతాయి. ఏదో ఒక బాధ తప్పదు.

ఇక కొలతలు. కుట్టించి ఏడుస్తూ వచ్చేవాళ్లు ఎక్కువగా చేసే తప్పు ఒకటే. ఛాతీ, నడుము, కాలి పొడవు బాగానే కొలుస్తారు. మొండెం చుట్టుకొలత తప్పుతారు. భుజం మీద నుంచి ముందు వైపుగా దింపి, కాళ్ల మధ్య నుంచి తెచ్చి, వీపు మీదుగా మళ్లీ అదే భుజానికి తెచ్చే కొలత అది. ఒకటిన్నర అంగుళం తగ్గితే నిలబడినప్పుడు బాగానే ఉంటుంది, గొంతుక్కూర్చుంటే మెడ సీలు కిందికి లాగుతుంది. చెయ్యి తల వెనక్కి పెట్టి సిలిండర్ వాల్వ్ తిప్పలేరు. ఎక్కువైతే కాళ్ల మధ్య గుడ్డ మోకాళ్ల దాకా వేలాడుతుంది, పడవ నిచ్చెన ఎక్కడానికి కాలు లేవదు. ఒకాయన భార్యతో ఇంట్లో కొలిపించి వాట్సాప్‌లో పంపాడు, అదీ పలచటి బనియన్ మీద. వచ్చిన సూట్‌లో చలికాలం థర్మల్ పట్టలేదు. కుట్టిన తర్వాత ఆ కొలత నేను పెంచలేను, పెంచినా అతుకులు కనిపిస్తాయి.

ఆక్టోపస్ అక్క:
డాక్టర్ గారు సీళ్ల సంగతి అన్నారు కాబట్టి ఒకటి. నా మణికట్లు సన్నం. కెమెరా గట్టిగా పట్టుకుంటే టెండన్లు (కండరాల తాళ్లు) రెండు పైకి లేచి మధ్యలో సన్నని గాడి పడుతుంది. ఆ గాడిలోంచి నీళ్లు మోచేతిదాకా వెళ్లేవి. ఏడాది పాటు సూట్ కారుతోందనుకున్నాను. కుట్టించినప్పుడు చిన్న సైజు సీళ్లు పెట్టించాను, రెండో డైవ్ నుంచే పొడి. మీ రెడీమేడ్‌లో అడిగితే ఇస్తారా పాత సిలిండర్ గారూ?

పాత సిలిండర్:
అడిగితే మార్చి ఇస్తారు, కానీ అడగాలని నాకు ఇప్పుడే తెలిసింది. ఈ ఒక్క పాయింట్ నీది. పెద్ద మాట మీద మాత్రం మారను. మొదటి సూట్ వాడి పాడుచేసేదే. రెండోది కుట్టించుకోమనండి.

ఆక్టోపస్ అక్క:
మొదటి సూట్‌లోనే కదా నేను తలకిందులయ్యింది.

అల్కీ కొత్తోడు:
అక్కా, అన్నా, డాక్టర్ గారూ, అందరికీ థాంక్స్. నిన్న షాపుకి వెళ్లి మీరన్నట్టే నా థర్మల్ వేసుకుని మూడు కంపెనీల రెడీమేడ్ సూట్‌లు తొడిగి చూశాను. రెండు గొంతుక్కూర్చోగానే మెడ పట్టేశాయి. మూడోది పొట్ట, మొండెం రెండూ సరిగ్గా పట్టింది. చెయ్యి తల వెనక్కి వెళ్లింది. కాళ్లు మాత్రం రెండున్నర అంగుళాలు పొడుగు, బూట్లు 9. కాలు తగ్గించి, 7 బూట్లు పెట్టి, మణికట్టు సీళ్లు చిన్నవి వేసి ఇస్తే మొత్తం 2,550 అన్నారు, నాలుగు వారాలు. ఆర్డర్ ఇంకా ఇవ్వలేదు.

డాక్టర్ గారూ, ట్రైలామినేట్ కాలు అలా తగ్గిస్తే ఆ అతుకు దగ్గర కారదు కదా? అది ఒక్కటే భయం.

జిప్పుల డాక్టర్:
ఫ్యాక్టరీలో తగ్గిస్తే కుట్టు మీద టేపు వాళ్లే వేస్తారు, భయం లేదు. షాపులో ఎవరితోనో కత్తిరింపిస్తామంటే మాత్రం వద్దనండి. కాలు తగ్గించేది మోకాలి కింద కాదు, పైన తగ్గించమని అడగండి. లేకపోతే మోకాలి ప్యాడ్లు పిక్కల మీదికి వస్తాయి. ఎన్నోసార్లు చూశాను.

అల్కీ కొత్తోడు:
ప్యాడ్ల సంగతి నాకు తట్టనే లేదు. రేపు ఫోన్ చేసి మోకాలి పైనే అని రాయిస్తాను. ఆక్టోపస్ అక్కా, శనివారం కోవ్ 2కి వస్తుంటే మీ సూట్ ఒకసారి చూపిస్తారా?

ఆక్టోపస్ అక్క:
పొద్దున 8కి మెట్ల దగ్గర ఉంటాను. తలకి నూనె రాసుకుని రాకు.