1834కి ముందు అమెరికా బంగారు నాణేలు ఇంత అరుదు కావడానికి తొలి ఆర్థిక మంత్రి హామిల్టనే కారణమా?

బంగారు పురుగు:
అరుదు అంటే తక్కువ ముద్రించారని చాలామంది అనుకుంటారు, అది తప్పు. 1822లో అయిదు డాలర్ల నాణేలు, అంటే హాఫ్ ఈగిల్‌లు, 17,796 ముద్రించినట్టు టంకశాల లెక్క. ఇప్పుడు తెలిసినవి మూడే. రెండు స్మిత్సోనియన్ మ్యూజియంలో ఉన్నాయి, మూడోది 2021లో 84 లక్షల డాలర్లకు పోయింది. మిగతావి కరిగిపోయాయి. నేనైతే తప్పు హామిల్టన్‌దే అంటాను. 1792 నాణేల చట్టంలో ఒక పాలు బంగారం విలువ పదిహేను పాళ్ల వెండితో సమానం అని బిగించేశారు, అది ఆయన సూచనే. 1803లో ఫ్రాన్స్ పదిహేనున్నర పెట్టింది. అమెరికాలో 15 కిలోల వెండికి వచ్చే కిలో బంగారాన్ని అక్కడికి పట్టుకెళ్తే పదిహేనున్నర కిలోల వెండి చేతికొస్తుంది, ఓడ ఖర్చులు పోయినా ఎంతో కొంత మిగులుతుందంటే ఎవడాగుతాడు?

పాత పద్దు:
అన్నా, 1792లో మార్కెట్ ధర కూడా ఇంచుమించు పదిహేనే కదా. ఆయన ఆ రోజు రేటు రాశాడు, తర్వాత నలభై ఏళ్లు దాన్ని ముట్టుకోనిది కాంగ్రెస్. పైగా 1790ల నాణేలు బాగా అరిగినవి కనిపిస్తాయి. చేతులు మారకుండానే అరిగాయా? అంటే ఆ రేటు మొదట్లో బాగానే పనిచేసింది.

తూకం రాళ్లు:
ఇద్దరూ టంకశాలను వదిలేశారు. అది నాణేలు చేసి జనానికి పంచేది కాదు, బంగారం ఎవరు తెస్తే వాళ్లకే ముద్రించి ఇచ్చేది. 1820ల్లో తెచ్చింది ఎక్కువగా బ్యాంకులు, వ్యాపారులు. బ్రిటన్ బంగారం కొంటున్న రోజులు అవి, కాబట్టి వాళ్లకి హాఫ్ ఈగిల్ అంటే సర్కారు పూచీ ఉన్న బంగారం బిస్కెట్, అంతే. బజారులో తిరిగినవి స్పానిష్ వెండి డాలర్లు, బ్యాంకు నోట్లు. ఆ వెండి డాలర్లు 1857 దాకా చట్టబద్ధంగా చెల్లాయి.

పాత పద్దు:
తప్పు హామిల్టన్ ఒక్కడిదే కాదనే నేనూ అనేది, పురుగు అన్నా. ఇక 1834 సంగతి చూడు. అయిదు డాలర్ల నాణెంలో మేలిమి బంగారాన్ని 123.75 గ్రెయిన్ల (గ్రెయిన్ ఒక చిన్న తూకం) నుంచి 116కి తగ్గించారు. ఆ రోజుతో పాత నాణెం విలువ దాదాపు 5.33 డాలర్లు. కొత్తదాన్ని గుర్తుపట్టడానికి వెనకవైపున్న లాటిన్ నినాదం కూడా తీసేశారు. ఇళ్లల్లో మిగిలినవి కూడా కుంపట్లోకి పోయి ఉంటాయి. ఇదీ హామిల్టన్ ఖాతాలోనే రాస్తావా?

బంగారు పురుగు:
1834 ఆయన మీద వెయ్యను, అది అప్పటి అధ్యక్షుడు జాక్సన్ మనుషులదే. 1822 మాత్రం వదలను. రేటు మారితే ఏం చెయ్యాలో చట్టంలో ఒక్క ముక్కన్నా రాసుండాల్సింది.

తూకం రాళ్లు:
సరే, మీరు కొట్టుకోండి. నేను మాత్రం 1834 కొత్త రకం కొన్నాను, ఆరు లక్షలకు పైగా ముద్రించారు కాబట్టి అందుబాటులో ఉంది. ఎవరో గొలుసుకి తగిలించి తర్వాత కొక్కెం పీకేసినది, అంచున టంకం మచ్చ ఉంది. దాంతో ఇంకా చవగ్గా వచ్చింది.