ఆన్‌లైన్ స్లైడ్లలో పాఠం చెప్పే బొమ్మ: గొంతు ఆగినా నోరు ఆగడం లేదు

ఆకుపచ్చ మాస్టారు (ప్రశ్న):

అందరికీ నమస్కారం. నేను జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో జీవశాస్త్రం బోధిస్తాను. కిరణజన్య సంయోగక్రియ పాఠాన్ని గూగుల్ స్లైడ్స్‌లో పన్నెండు స్లైడ్లుగా తయారుచేసి, పిల్లలు ఇంటి దగ్గర కూడా చూసుకునేలా లింకు పంపాను. ఈసారి ప్రతి స్లైడులోనూ కుడివైపు మూల ఒక రైతు నిలబడి పాఠం చెబుతున్నట్టు కనిపించాలని, నోరు కదిలే జిఫ్ బొమ్మను పెట్టి, నా గొంతుతో రికార్డు చేసిన ఎంపీ3 ఫైలును పక్కనే జతచేశాను.

ఇక్కడే చిక్కు వచ్చింది. నా మాట ముగిసిన తరువాత కూడా రైతు నోరాడిస్తూనే ఉన్నాడు. కొందరు తల్లిదండ్రులు తమకు బొమ్మ కనిపిస్తోంది గాని మాట వినిపించడం లేదని చెప్పారు. మూడవది నన్ను ఎక్కువగా బాధించింది: మరునాడు తరగతిలో పత్రరంధ్రాలు (ఆకు మీద ఉండే సన్నని రంధ్రాలు) ఆకుకు ఏ వైపున ఎక్కువగా ఉంటాయని అడిగితే ఒక్కరూ చెప్పలేదు గాని, రైతు మీసం ఎలా ఎగురుతుందో మాత్రం ముగ్గురు లేచి నటించి చూపారు. దీన్ని సరిచేసే మార్గం ఉందా, లేక బొమ్మనే తీసివేయమంటారా?

బొమ్మలపెట్టె:

మాస్టారూ, మొదటి రెండింటికీ కారణాలు తేలికగానే తెలుస్తాయి. జిఫ్‌లో శబ్దం ఉండదు. అది తన లెక్కన తిరుగుతుంది, ఎంపీ3 తన లెక్కన మోగుతుంది, ఈ రెండింటినీ కట్టిపడేసే తాడు స్లైడులో ఎక్కడా లేదు. కాబట్టి బొమ్మను, గొంతును ముందే కలిపి ఒకే ఎంపీ4 వీడియోగా చేసి, ఆ వీడియోను స్లైడులో పెట్టండి. వీడియో వెనుక రంగు స్లైడు రంగుతో కలిసిపోతుందని మాత్రం ఆశించకండి. వీడియో ఫైలు పరిమాణం తగ్గించే కుదింపులో రంగు కొద్దిగా మారి, బొమ్మ చుట్టూ లేత పెట్టె అంచు కనిపించవచ్చు. దాన్ని దాచే ప్రయత్నం మాని, రైతును ఒక కిటికీలోనో గుమ్మంలోనో నిలబెట్టినట్టు చట్రం గీస్తే అది కావాలని చేసినట్టే ఉంటుంది.

మాట వినిపించకపోవడానికి ఎక్కువగా కారణమయ్యేది అనుమతి. స్లైడ్ల లింకును అందరికీ తెరిచినంత మాత్రాన గూగుల్ డ్రైవ్‌లోని ఆడియో ఫైలు తెరుచుకోదు. దానికీ విడిగా, లింకు ఉన్నవారెవరైనా వినవచ్చునని అనుమతి ఇవ్వాలి. వీడియో పెట్టినా ఇదే నియమం. స్లైడ్లను వెబ్ పేజీలో అతికించి ఉంటే ఇంకో అడ్డంకి కూడా ఉంది: 2018 నుంచి క్రోమ్ బ్రౌజరు సాధారణంగా, చూసేవారు పేజీని ఒకసారైనా తాకకుండా శబ్దంతో కూడిన వీడియోను దానంతట అదిగా మొదలుపెట్టనివ్వడం లేదు. అందుకే మొదటి స్లైడులో పాఠం ఏదీ పెట్టకుండా, “ఇక్కడ నొక్కండి” అని మాత్రమే ఉంచడం మంచిది.

పెదవులు మాటతో కలవాలంటే రూబార్బ్ లిప్ సింక్ అనే ఉచిత సాధనం ఉంది. శబ్దం ఫైలు ఇస్తే, ఏ క్షణంలో ఏ నోటి ఆకారం రావాలో సమయాలతో సహా రాసి ఇస్తుంది. ఆరు ప్రాథమిక ఆకారాలు గీస్తే సరిపోతుంది. మామూలుగా అది ఇంగ్లీషు మాటలను ఊహించుకుని పనిచేస్తుంది కనుక, తెలుగుకు దానిలోని ధ్వని ఆధారిత పద్ధతిని ఎంచుకోవాలి. తరువాత రెండు చోట్ల చేత్తో సరిదిద్దండి. ప, బ, మ పలికేటప్పుడు పెదవులు తప్పక మూతపడాలి. “పత్రహరితం” అన్నప్పుడు నోరు తెరిచే మొదలైతే చిన్నపిల్లవాడు కూడా పట్టేస్తాడు. ఇక మన మాటలు చాలావరకు అచ్చుతో ముగుస్తాయి కనుక వాక్యం చివర బొమ్మ నోరు తెరిచి ఉండిపోవచ్చు. అలా జరిగితే మూసిన నోటి బొమ్మను అక్కడ మీరే చేర్చాలి.

రెండో గంట:

నేనూ ఉపాధ్యాయురాలినే. పై సలహాలు సరైనవే గాని, మాస్టారి మూడవ ప్రశ్నకు పెదవుల్లో జవాబు లేదు. బహుళ మాధ్యమ బోధనపై చాలాకాలం పరిశోధించిన రిచర్డ్ మేయర్ చెప్పేదేమిటంటే, మాట్లాడేవారి బొమ్మను తెరమీద ఊరికే నిలబెట్టినంత మాత్రాన నేర్చుకోవడం పెరగదు. ఆ బొమ్మ మనిషిలా చేయి చాపి, చూపు తిప్పి, చూడవలసినదాన్ని చూపినప్పుడు ప్రయోజనం ఉంటుంది. మీ రైతు మూల నిలబడి పిల్లల వైపే చూస్తూ మాట్లాడుతున్నాడు కనుక పిల్లలు అతడినే చూశారు, అందులో వారి తప్పేమీ లేదు. అతడు ఆకును తిరగేసి అడుగుభాగం మీద వేలు పెట్టి ఉంటే పత్రరంధ్రాలు గుర్తుండేవి.

చెబుతున్న వాక్యాలనే స్లైడు మీద మళ్ళీ అచ్చంగా రాశారా? రాసి ఉంటే తీసివేయండి. బొమ్మను చూస్తూ, మాట వింటూ, అవే మాటలను చదవడం కంటికి మోయలేని బరువు.

ఆకుపచ్చ మాస్టారు:

రాశానండీ, ప్రతి స్లైడులోనూ! అనుమతి సంగతి కూడా నిజమే. ఎంపీ3 ఫైళ్ళు నా ఒక్కడికే తెరిచి ఉన్నాయి. అయితే పన్నెండు స్లైడ్లకూ నోటి ఆకారాలు సరిచూసుకునే తీరిక నాకు లేదు. కంప్యూటరు గొంతు వాడితే పని తగ్గుతుందా?

గూటిబిళ్ళ:

తగ్గదు. మైక్రోసాఫ్ట్ వారి తెలుగు గొంతులు శ్రుతి, మోహన్ స్పష్టంగానే చదువుతాయి గాని, నోటి పని ఎలాగూ మిగిలే ఉంటుంది. పైగా మీ పిల్లలు మీ గొంతును ఎరుగుదురు, దాన్ని వదులుకోకండి.

తీరిక లేదన్నారు కనుక వేరే దారి చెబుతాను. మాది అనంతపురం వైపు. నిమ్మలకుంట తోలుబొమ్మలను చూస్తూ పెరిగాను. తోలుబొమ్మకు పెదవులు కదలవు. తెర వెనుక పాడేవారి గొంతు వినిపిస్తుండగా ఏ బొమ్మ చేయి ఆడితే ఆ బొమ్మే మాట్లాడుతోందని చూసేవారు గ్రహిస్తారు, తెల్లవార్లూ చూసినా ఆ లోటు ఎవరికీ తోచదు. మీ రైతుకూ మీసం కింద నోటిని దాచివేసి, భుజం దగ్గర, మోచేతి దగ్గర రెండు కీళ్ళు పెట్టి, చేతిని మాత్రం కదిలించండి. రెండో గంట గారు కోరిన వేలు కూడా దాంతోనే వస్తుంది.

ఇంకొక్క మాట. తోలుబొమ్మలాటలో నవ్వించే పాత్రలైన కేతిగాడు, బంగారక్క ఆట పొడుగునా తెరమీద ఉండరు. కథ నడుమ వస్తారు, నవ్విస్తారు, వెళ్ళిపోతారు. మైక్రోసాఫ్ట్ ఆఫీస్ 97లో పిలవకుండానే వచ్చి పలకరించే పేపరు క్లిప్పు బొమ్మను జనం ఎంత విసుక్కున్నారో గుర్తుందా? 2007 నాటికి దాన్ని పూర్తిగా తీసివేశారు. పన్నెండు స్లైడ్లలో రైతు మూడింటిలో వస్తే చాలు.

చిన్నక్క:

అందరి మాటలతోనూ ఏకీభవిస్తూ ఒక మినహాయింపు చెప్పాలి. నేను అమెరికాలో ఆదివారాలు పిల్లలకు తెలుగు అక్షరాలు నేర్పుతాను. అక్కడ నోరు దాచివేస్తే కుదరదు, గీసిన నోరూ చాలదు. ‘ల’కూ ‘ళ’కూ తేడా నాలుక మడతలో ఉంది, దాన్ని ఏ బొమ్మా చూపలేదు. ఆ ఒక్క స్లైడులో నా ముఖాన్నే దగ్గరగా వీడియో తీసి పెడతాను. విజ్ఞాన పాఠానికి మాత్రం గూటిబిళ్ళ గారి ఉపాయమే మేలు.

ఆకుపచ్చ మాస్టారు:

రాత్రి ఒక స్లైడు మార్చి చూశాను. రైతు ఆకును తిరగేసి అడుగున వేలు పెడతాడు. పదకొండు సెకన్ల వీడియో, నోరు లేదు, మీసం కదలదు. మా అబ్బాయికి చూపిస్తే, “ఈ చుక్కలేమిటి నాన్నా?” అని అడిగాడు. మిగిలిన రెండూ ఆదివారం చేస్తాను.