టెర్రస్ ట్యాంకు సెన్సార్: వారానికే బ్యాటరీ ఖాళీ, మధ్యాహ్నం తప్పుడు రీడింగ్

ప్రశ్న: కూకట్‌పల్లిలో ఐదంతస్తుల అపార్ట్‌మెంట్. టెర్రస్ ట్యాంకులో ఈఎస్‌పీ32 డెవ్ బోర్డు (వైఫై ఉన్న చిన్న కంట్రోలర్ బోర్డు), హెచ్‌సీ-ఎస్‌ఆర్04 అల్ట్రాసోనిక్ సెన్సార్ (ధ్వని పంపి, అది తిరిగొచ్చే సమయాన్ని బట్టి నీటి దూరం కొలిచేది) పెట్టాం. పది నిమిషాలకోసారి డీప్ స్లీప్ (చిప్ దాదాపు కరెంటు లాగని నిద్ర) నుంచి లేచి, కింద వాచ్‌మన్ గదిలోని వైఫైకి రీడింగ్ పంపాలి. 18650 సెల్ (రీఛార్జ్ చేసే లిథియం బ్యాటరీ) వారం కూడా రావట్లేదు. ఎండెక్కితే నీళ్లు ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తోంది, ఒక్కోసారి సున్నా. ఏం మార్చాలండీ?

జవాబు 1: డీప్ స్లీప్‌లో చిప్ లాగేది పది మైక్రోఆంపియర్ల చుట్టుపక్కలే. బోర్డు మీది రెగ్యులేటర్, యూఎస్‌బీ చిప్, పవర్ ఎల్‌ఈడీ మాత్రం నిద్రపోవు. వాటికి తోడు సెన్సార్. మొత్తం 10 మిల్లీఆంపియర్లయినా రోజుకు 240 ఎంఏహెచ్ (మిల్లీఆంపియర్-అవర్లు) బ్యాటరీ నుంచి పోయినట్టే. ముందు మల్టీమీటర్ సిరీస్‌లో పెట్టి స్లీప్ కరెంటు కొలవండి. సెన్సార్‌కు పవర్‌ను మాస్‌ఫెట్‌తో (ఎలక్ట్రానిక్ స్విచ్) నిద్రలో కట్ చేయండి. సెన్సార్ ఎకో పిన్ (రీడింగ్ సిగ్నల్ వచ్చే పిన్) 5 వోల్టులిస్తుంది, అది చిప్‌కు ఎక్కువ; అందుకే దానికి వోల్టేజ్ డివైడర్ (వోల్టేజ్ తగ్గించే రెండు రెసిస్టర్లు) తప్పనిసరి.

జవాబు 2: రీడింగ్ తేడాకు కారణం వేడి. ధ్వని వేగం 20 డిగ్రీల దగ్గర సెకనుకు 343 మీటర్లు, 40 దగ్గర 355. మీటరున్నర దూరానికి 5 సెంటీమీటర్ల తేడా. ట్యాంకు లోపలే డీఎస్18బీ20 (ఉష్ణోగ్రత సెన్సార్) పెట్టి, వేగం = 331.4 + 0.6 × ఉష్ణోగ్రత అని లెక్కేయండి. సున్నాలు చాలావరకు సెన్సార్ మీద పట్టే ఆవిరి చెమ్మ వల్లే. తడి తట్టుకునే అల్ట్రాసోనిక్ సెన్సార్ జేఎస్‌ఎన్-ఎస్‌ఆర్04టీ వాడండి. దానికి దగ్గరి పాతిక సెంటీమీటర్లు కనబడవు కాబట్టి నిండు మట్టానికి అంతకంటే పైన, ఇన్‌లెట్ పైపుకు దూరంగా బిగించాలి. ఐదు రీడింగుల్లో మధ్యది తీసుకోండి, సగటు వద్దు.

జవాబు 3: ఇన్ని స్లాబుల కిందకి వైఫై కష్టమండీ. కనెక్షన్ కోసం మళ్లీ మళ్లీ ప్రయత్నించినప్పుడల్లా వందల మిల్లీఆంపియర్లు పోతాయి. లోరా మాడ్యూల్ (తక్కువ కరెంటుతో దూరం పంపే రేడియో) పెట్టండి, మన దేశంలో 865-867 మెగాహెర్ట్జ్‌కు లైసెన్సు అక్కర్లేదు. మోటారును దీనికి కలిపితే మాత్రం అరగంట రీడింగ్ రాకుంటే దానంతటదే ఆగేలా రాయండి.